మాగిన టీకి మూడు ప్రశ్నలు

ఆరోగ్యం పేరుతో ఏ కొత్త అలవాటు ఇంట్లోకి తెచ్చుకున్నా ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. అది ఒంటికి నిజంగా ఏం చేస్తుంది? నాకు సరిపడుతుందా? ఇప్పుడున్న ఏ అలవాటును తీసేసి దీన్ని పెట్టుకుంటున్నాను? మొదటి ప్రశ్నకు జవాబు అమ్మేవాళ్లే చెబుతారు, అదీ అవసరానికి మించి. రెండోది ఏదైనా తేడా చేశాక డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు గుర్తొస్తుంది. మూడోది దాదాపు ఎవరూ వేసుకోరు. ఫలితం ఎక్కువగా ఆధారపడేది మాత్రం దాని మీదే.

ఈ అధ్యాయంలో ఆ మూడు ప్రశ్నలనూ ఒకే వస్తువు మీద ప్రయోగించి చూద్దాం. ఆ వస్తువు చైనాలోని యునాన్ ప్రావిన్సులో తయారయ్యే పు-ఎర్ టీ. ఇప్పుడిది ఆన్‌లైన్ దుకాణాల్లో ఎవరికైనా దొరుకుతోంది. ‘కొవ్వు కరిగిస్తుంది’, ‘ఎంత పాతదైతే అంత ఆరోగ్యం’ అనే మాటలు దాని వెంటే వస్తున్నాయి. వీటిలో పాలెంతో నీళ్లెంతో తేల్చుకోవడం నేర్చుకుంటే, రేపు ఇంకో పేరుతో ఇంకో పానీయం వచ్చినా మీ జేబు, ఆరోగ్యం రెండూ భద్రంగా ఉంటాయి.

ముందు సరుకు సంగతి

మనం రోజూ కాచుకునే అస్సాం టీ పొడి, యునాన్ పు-ఎర్ ఆకు దగ్గరి చుట్టాలే. రెండూ పెద్ద ఆకు వేసే అస్సామికా రకం తేయాకు మొక్కవి. తేడా అంతా ఆకు కోశాక చేసే పనిలో ఉంది. అస్సాంలో ఆకును నలిపి, గాలి తగలనిచ్చి, ఆక్సీకరణతో నల్లబడనిచ్చి, వేడిగాలితో బాగా ఆరబెట్టేస్తారు. ఆ తర్వాత ఆకులో చెప్పుకోదగ్గ మార్పు రాదు. యునాన్‌లో ఆకును కాస్త వడలనిచ్చి, వేడి బాణలిలో వేయించి, చేత్తో గానీ యంత్రంతో గానీ నలిపి, ఎండలో ఆరబోస్తారు. బాణలి వేడికి ఆకులోని ఎంజైముల జోరు తగ్గుతుంది గానీ పూర్తిగా చచ్చిపోదు. ఎండలో ఆరిన ఆకు మీద సూక్ష్మజీవులూ మిగులుతాయి. అలా మిగిలినవే తర్వాత ఏళ్ల తరబడి పనిచేస్తాయి.

ఎండిన ఆకుకు ఆవిరి పట్టి, గుడ్డసంచిలో పోసి, రాతి అచ్చు కింద నొక్కితే గుండ్రటి బిళ్ల వస్తుంది. సంప్రదాయంగా వస్తున్న బిళ్ల బరువు 357 గ్రాములు. ఏడు బిళ్లలను ఒకదాని మీద ఒకటి పేర్చి వెదురు పొరలతో చుట్టి కడతారు. కట్ట సుమారు రెండున్నర కిలోలు తూగుతుంది. కంచర గాడిదల మీద వేసి కొండదారుల్లో టిబెట్ దాకా చేర్చాలంటే విడి ఆకుకన్నా బిళ్ల అనువు.

చైనా 2008లో తెచ్చిన జాతీయ ప్రమాణం ప్రకారం యునాన్‌లోని నిర్ణీత ప్రాంతాల్లో పెరిగి, ఎండలో ఆరబెట్టిన పెద్ద ఆకుతో అక్కడే తయారైనదాన్ని మాత్రమే పు-ఎర్ అనాలి. సిష్వాంగ్‌బన్నా, ఈ టీ పేరే ఉన్న పు-ఎర్, లిన్‌త్సాంగ్ ఆ ప్రాంతాల్లో ముఖ్యమైనవి. పు-ఎర్ పరిధిలోని జింగ్‌మాయ్ కొండల మీద బులాంగ్, దాయ్ జాతుల వాళ్లు అడవి చెట్ల నీడన తేయాకు పెంచుతారు. ఆ పాత తేయాకు అడవులను యునెస్కో 2023లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

పు-ఎర్ టీలో రెండు రకాలున్నాయి. కొనేవాళ్లు ముందుగా పట్టుకోవాల్సిన తేడా ఇదే. మొదటిది షెంగ్, అంటే పచ్చి రకం. బిళ్ల కట్టి, తనంతట తాను మారేదాకా నిల్వ ఉంచుతారు. రెండోది షౌ, మాగబెట్టిన రకం. హాంకాంగ్ వ్యాపారులు గోదాముల్లో ఏళ్ల తరబడి ఉంచి అమ్మే నల్లటి, మెత్తటి టీకి గిరాకీ పెరిగింది. అంతకాలం ఆగడం కుదరక, ఆ రుచిని త్వరగా తెచ్చే పద్ధతిని 1973లో కున్‌మింగ్ టీ ఫ్యాక్టరీ రూపొందించింది. ఆకును పెద్ద కుప్పగా పోసి, నీళ్లు చల్లి, పట్టా కప్పుతారు. లోపల వేడి 50, 60 డిగ్రీలకు చేరుతుంది. అప్పుడప్పుడూ కుప్పను తిరగేస్తూ నెలన్నర, రెండు నెలలు ఉంచుతారు. ఆస్పర్‌జిల్లస్ నైగర్ వంటి బూజులు, ఈస్టులు ఆకులోని పదార్థాలను మార్చేస్తాయి. ఆకు ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది, చేదు విరిగిపోతుంది.

పాతబడితే ఏమవుతుంది?

మన ఇళ్లలో పాత బియ్యానికి ఉన్న మర్యాద తెలిసిందే. కొత్త బియ్యం ముద్దవుతుంది, ఏడాది నిల్వ ఉన్న సన్నబియ్యం పొడిపొడిగా ఉడుకుతుంది. అలాగని తడి తగిలిన బస్తాను, పురుగు పట్టిన బస్తాను ఇంకో ఏడాది ఉంచితే మంచి బియ్యం అయిపోదు. టీ విషయంలోనూ అంతే. మంచి ఆకు, మంచి చోటు ఉన్నప్పుడే కాలం మేలు చేస్తుంది. లేకపోతే ఉన్న గుణం కూడా పోతుంది.

పచ్చి రకంలో కాటెచిన్లనే పదార్థాలు ఎక్కువ. నాలుక మీద చేదు, వగరు వాటివల్లే. ఏళ్లు గడిచేకొద్దీ అవి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, ఒకదానితో ఒకటి ముడిపడి పెద్ద అణువులవుతాయి. చేదు తగ్గుతుంది, రంగు ముదురుతుంది. కొత్త బిళ్ల కాస్తే లేత పసుపు రంగులో ఉంటుంది. పదేళ్లు బాగా నిల్వ ఉన్నది తేనె రంగుకు వస్తుంది. ఇంకా పాతది ఎర్రటి గోధుమ రంగులో దిగుతుంది.

ఈ మార్పు ఎంత త్వరగా వస్తుందనేది ఊరును బట్టి ఉంటుంది. కున్‌మింగ్ ఎత్తైన ప్రదేశం, గాలి పొడిగా, చల్లగా ఉంటుంది, కాబట్టి అక్కడ టీ నెమ్మదిగా మారుతుంది. గ్వాంగ్‌ఝౌ, హాంకాంగ్ తేమ ఊళ్లు. అక్కడ మార్పు వేగం, బూజు భయమూ ఎక్కువే. ఒకే ఏడాది, ఒకే ఫ్యాక్టరీలో తయారైన రెండు బిళ్లలు రెండు ఊళ్లలో పదిహేనేళ్లు ఉంటే రెండు వేర్వేరు టీలవుతాయి. అందువల్ల ‘ఇది పదిహేనేళ్ల టీ’ అన్న మాట ఒక్కటే మీకు సగం సమాచారం కూడా ఇవ్వదు. ఎక్కడ ఉంచారన్నది మిగతా సగం.

మాగబెట్టిన రకం సంగతి వేరు. పెద్ద మార్పంతా కుప్పలోనే అయిపోయింది. రెండు మూడేళ్లు ఉంచితే కుప్ప వాసన పోయి రుచి శుభ్రపడుతుంది. ఆ తర్వాత మార్పు చాలా మెల్లగా ఉంటుంది. కాబట్టి ఇరవై ఏళ్లదని చెప్పి మాగబెట్టిన టీకి పదింతలు ధర అడిగితే తొందరపడి పర్సు తీయకండి.

ఇంకో సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి. గ్రీన్ టీని అందరూ ఏ కాటెచిన్ల కోసం పొగుడుతారో, టీ పాతబడేకొద్దీ తగ్గేవి అవే. ‘యాంటీ ఆక్సిడెంట్ల గని’ అని, ‘ఎంత పాతదైతే అంత మంచిది’ అని ఒకే అట్ట మీద రాసినవాళ్లు ఈ రెండు మాటలకూ పొత్తు కుదరదని చెప్పరు. పాతబడటం వల్ల మీకు దక్కేది రుచి. ఆరోగ్యం వయసుతో పాటు పెరుగుతూ పోతుందనడానికి ఆధారం లేదు.

మొదటి ప్రశ్న: ఒంటికి ఏం చేస్తుంది?

ఎక్కువగా వినపడేది కొలెస్టరాల్ మాట. దీనికి కొంత ఆధారం ఉంది. మాగబెట్టిన టీకి ఆ ముదురు రంగునిచ్చే పదార్థాలను థియాబ్రౌనిన్లంటారు. 2019లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చిన చైనా పరిశోధకుల వ్యాసం వాటి మీదే. పేగుల్లోని కొన్ని బాక్టీరియాలు పిత్త ఆమ్లాలను మారుస్తుంటాయి. థియాబ్రౌనిన్లు ఆ బాక్టీరియాల జోరు తగ్గిస్తాయి. అప్పుడు కాలేయం కొలెస్టరాల్‌ను వాడి కొత్తగా పిత్త ఆమ్లాలు ఎక్కువగా తయారుచేస్తుంది, అవి మలంతో బయటికి పోతాయి. ఆ విధంగా రక్తంలో కొలెస్టరాల్ తగ్గుతుందని ఎలుకల్లో గమనించారు. ఆరోగ్యవంతులైన కొద్దిమంది పురుషులకు నాలుగు వారాలు పు-ఎర్ ఇచ్చి చూసినప్పుడూ ఇదే దిశలో మార్పు కనిపించింది.

ఇది చదివి ఉత్సాహపడటం సహజం. కానీ కొద్దిమంది, నాలుగు వారాలు, వాళ్లూ జబ్బు లేనివాళ్లు అన్న మూడు విషయాలను పక్కన పెట్టకూడదు. పదేళ్లుగా అధిక కొలెస్టరాల్ ఉన్న యాభై ఏళ్ల మనిషికి ఈ టీ గుండెపోటును తప్పిస్తుందని ఆ పరిశోధన చెప్పలేదు. పు-ఎర్‌లో లోవాస్టాటిన్ అనే పదార్థం ఆనవాళ్లు కనిపించిన మాట కూడా నిజమే. కొలెస్టరాల్‌కు వాడే స్టాటిన్ మందుల్లో అదొకటి. కప్పులో ఉండేది నామమాత్రం, మాత్రలో ఉండేది కొలిచిన మోతాదు. టీ మొదలుపెట్టానని స్టాటిన్ మాత్ర ఆపేయడం కోరి ప్రమాదం తెచ్చుకోవడమే.

రెండో మాట బరువు. టీలోని కెఫీన్ ఒంట్లో శక్తి ఖర్చును కాస్త పెంచుతుంది, అది కొద్దిసేపే. ఏ టీ అయినా పొట్ట దగ్గరి కొవ్వును వెతికి కరిగించదు. ‘డిటాక్స్’ అన్న మాటనైతే వదిలేయండి. ఒంట్లోని మలినాల పని చూసేది కాలేయం, మూత్రపిండాలు.

మూడోది అరుగుదల. హాంకాంగ్‌లో నూనె, మాంసం ఎక్కువగా ఉండే డిమ్‌సమ్ ఫలహారాల పక్కన మాగిన పు-ఎర్ పోయడం పాత అలవాటు. వేడిగా, వగరు లేకుండా, మట్టివాసనతో ఉండే ఆ టీ నోటిలోని జిడ్డును కడిగేస్తుంది, హాయిగా అనిపిస్తుంది. హాయి కూడా విలువైనదే, దాన్ని వైద్యం కింద జమకట్టకుండా ఉంటే చాలు.

రెండో ప్రశ్న: నాకు సరిపడుతుందా?

ఇక్కడ మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వర్తించే విషయాలున్నాయి.

రక్తహీనత ఉన్నవాళ్లు: 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. పప్పులు, ఆకుకూరల్లోని ఇనుమును టీలోని పదార్థాలు పట్టేసి ఒంటికి అందనివ్వవు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు భోజనానికి కనీసం గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీలు వద్దంటున్నాయి. ఐరన్ మాత్ర వేసుకునేవాళ్లు ఈ నియమం అసలు తప్పకూడదు. భోజనం కాగానే పు-ఎర్ తాగమని ప్రకటన చెబితే, ప్లేటులో గోంగూర పప్పు ఉన్న మనిషికి ఆ సలహా నష్టం చేస్తుంది.

నిద్ర పట్టనివాళ్లు: మాగిందైనా, పచ్చిదైనా కెఫీన్ ఉంటుంది. అవే మార్గదర్శకాలు రోజుకు 300 మిల్లీగ్రాముల కెఫీన్ దాటవద్దంటాయి. ఉదయం ఫిల్టర్ కాఫీ, ఆఫీసులో టీ, పైన ఇది కలిపితే లెక్క త్వరగా నిండుతుంది. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం నాలుగు తర్వాత దీని జోలికి వెళ్లకండి. గర్భిణులకు కెఫీన్ పరిమితి ఇంకా తక్కువ, డాక్టరును అడిగి తాగాలి.

ఫ్లోరైడ్ నీళ్ల ఊళ్లవాళ్లు: తేయాకు మొక్క మట్టిలోని ఫ్లోరైడ్‌ను పీల్చి ఆకుల్లో దాస్తుంది. లేత ఆకులో తక్కువ, ముదురు ఆకులో ఎక్కువ. ముదురు ఆకులు, కాడలతో చేసిన చవక ఇటుక టీని రోజంతా కాచి తాగే టిబెట్, ఇన్నర్ మంగోలియా ప్రాంతాల్లో టీవల్లే ఫ్లోరోసిస్ వచ్చినవాళ్లున్నారు. నల్గొండ, ప్రకాశం జిల్లాలకు ఫ్లోరోసిస్ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బు గురించి 1937లోనే వైద్య పత్రికల్లో రాశారు. మీ ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటే శుద్ధి చేసిన నీళ్లతోనే కాయండి, ముదురు ఆకు ఇటుక టీలు కొనకండి, రోజుకు ఒకటి రెండు చిన్న కప్పులతో ఆపండి.

కడుపు మంట ఉన్నవాళ్లు: కొత్త పచ్చి రకం పరగడుపున తాగితే కడుపులో తిప్పుతుంది. మాగిన రకం సాధారణంగా ఇంత ఇబ్బంది పెట్టదు. అయినా ఏదో ఒకటి తిన్నాకే తాగడం మంచిది.

మందులు వాడేవాళ్లు: థైరాయిడ్ మాత్రతో గానీ, ఇతర మందులతో గానీ టీ కలపవద్దు. మాత్రకు నీళ్లే వాడండి, తర్వాత ఎంత ఎడం ఇవ్వాలో మీ డాక్టరును అడగండి. ఇక టీ సారాన్ని గట్టిపరిచి అమ్మే మాత్రల జోలికి అసలు పోవద్దు. గ్రీన్ టీ సారం ఎక్కువ మోతాదులో తీసుకుంటే కాలేయానికి దెబ్బ అని యూరప్ ఆహార భద్రత సంస్థ 2018లోనే హెచ్చరించింది.

చివరిగా అందరికీ ఒక మాట. పొగలు కక్కుతుండగా తాగకండి. 65 డిగ్రీలకు మించిన వేడితో పానీయాలు తాగడం అన్నవాహికకు క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో చెప్పింది. కప్పులో పోశాక కొన్ని నిమిషాలు ఆగితే సరిపోతుంది.

మూడో ప్రశ్న: దేన్ని తీసేసి?

మా అపార్టుమెంటులో పైఅంతస్తు పిన్నిగారు ఒకసారి లిఫ్టు దగ్గర ఆపి అడిగారు. “ఏమ్మా, ఆ చైనా టీ తాగితే పొట్ట తగ్గుతుందటగా?”

“పాలు, పంచదార మానేస్తే తగ్గొచ్చు పిన్నిగారూ.”

“మరైతే టీ దేనికి?”

“ఊరికే మానేయమంటే ఎన్నాళ్లు ఉండగలం చెప్పండి? చేతిలో ఏదో ఒక కప్పు ఉండాలిగా.”

అసలు లాభమంతా ఈ చివరి మాటలో ఉంది. లెక్క వేసి చూద్దాం. రోజుకు నాలుగు టీలు, ఒక్కోదానికి రెండు చెంచాల పంచదార అనుకుందాం. ఎనిమిది చెంచాలంటే 32 నుంచి 40 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజంతటికీ కలిపి 25 గ్రాముల లోపు ఉంటే మేలంటోంది. టీలతోనే ఆ గీత దాటేశాం. నాలుగు టీల్లో రెండింటి బదులు పంచదార లేని మాగిన టీ తాగితే రోజుకు 16 నుంచి 20 గ్రాముల పంచదార, దాంతో వచ్చే 64 నుంచి 80 కెలోరీలు తగ్గుతాయి. పాల లెక్క దీనికి అదనం. థియాబ్రౌనిన్లు పనిచేస్తాయో లేదో పరిశోధకులు తేలుస్తారు, ఈ తీసివేత మాత్రం మొదటి రోజు నుంచే మీ ఖాతాలో పడుతుంది.

అదే, ఉన్న నాలుగు టీలూ అలాగే ఉంచి ఐదోదిగా దీన్ని కలిపితే కెఫీన్, ఖర్చు పెరుగుతాయి, ఇంకేమీ జరగదు. పక్కన ఉస్మానియా బిస్కెట్లు పెట్టుకున్నా లెక్క మళ్లీ మొదటికే వస్తుంది. కొత్త అలవాటు ఏదైనా పాతదాన్ని తప్పిస్తేనే దానికి విలువ. లేదంటే అది బరువు.

చాలా గ్రీన్ టీలు మన నోటికి పడవు. చేదని రెండు వారాల్లో అటకెక్కిస్తాం. మాగిన పు-ఎర్‌కు ఆ ఇబ్బంది తక్కువ. చిక్కగా, నల్లగా ఉంటుంది, పాలూ పంచదారా లేకపోయినా గొంతు దిగుతుంది. చిక్కటి టీకి అలవాటుపడ్డవాళ్లకు ఇదే అనుకూలం.

కొనేటప్పుడు

మొదటిసారి పెద్ద బిళ్ల కొనవద్దు. మాగిన రకంలో 25 గ్రాముల నమూనా గానీ, గిన్నె ఆకారంలో నొక్కిన 100 గ్రాముల తువోచా గానీ చాలు. నచ్చాకే 357 గ్రాముల బిళ్ల. పూటకు 5 గ్రాముల చొప్పున వాడితే అది 71 పూటలు వస్తుంది. ధరను 71తో భాగించి, పూటకు ఎంత పడుతోందో చూసుకుని కొనండి.

అట్ట మీది నాలుగంకెల సంఖ్యను సంవత్సరం అనుకోకండి. ఉదాహరణకు 7572 అని ఉంటే, 75 అంటే ఆ మిశ్రమం 1975 నాటిది, 7 అంటే వాడిన ఆకు తరగతి, 2 అంటే మెంగ్‌హాయ్ ఫ్యాక్టరీ. నిన్న మొన్న తయారైన బిళ్ల మీద కూడా ఆ సంఖ్య ఉంటుంది. తయారీ తేదీ వేరే చోట చూడాలి.

వయసు పేరుతో ధర పెంచడం చైనాలోనే పెద్ద వ్యాపారం. 2007లో పు-ఎర్ ధరలు ఎగబాకి, అదే ఏడాది కుప్పకూలాయి. పెట్టుబడి అనుకుని బిళ్లలు పోగేసినవాళ్లు మునిగారు. అంత అనుభవం ఉన్న చోటే అలా జరిగితే, వయసును రుజువు చేసుకునే దారిలేని మనం పాత టీకి లెక్కకు మించి పోయడంలో అర్థం లేదు. మూడు నుంచి ఐదేళ్ల మాగిన టీ మనకు చక్కగా సరిపోతుంది.

ప్యాకెట్టు మీద దిగుమతిదారు చిరునామా, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు సంఖ్య ఉన్నాయో లేదో చూడండి. విప్పగానే వాసన చూడండి. తడి మట్టి, పాత చెక్క, ఎండు ఖర్జూరం లాంటి వాసన ఉంటే మంచిది. చేపల వాసన, పుల్లటి వాసన, మూసేసిన గది ముక్క వాసన వస్తే వెనక్కి పంపండి.

కాచే తీరు

బిళ్లను కాగితం విప్పి పళ్లెంలో పెట్టండి. అంచు దగ్గర పొరల మధ్య సన్నటి మొండి కత్తిని అడ్డంగా దూర్చి, మెల్లగా పైకి లేపండి. పొరలు పొరలుగా విడుతుంది. పైనుంచి గుచ్చితే ఆకు పొడైపోయి టీ చేదెక్కుతుంది, కత్తి జారితే వేలూ తెగుతుంది. రెండో చెయ్యి ఎప్పుడూ కత్తి మొనకు ఎదురుగా ఉండకూడదు.

5 గ్రాములు, అంటే పెద్ద చెంచాకు అటూ ఇటూ, చిన్న కూజాలో వేసి తెర్లే నీళ్లు పోసి, పది సెకన్లలో వంచేయండి. ఆ మొదటి నీళ్లు పారబోయడమే. దాంతో దుమ్ము పోతుంది, గట్టిగా నొక్కుకున్న ఆకు వదులవుతుంది. మూత తీసి వాసన చూస్తే వాన పడ్డ నేల గుర్తొస్తుంది. మళ్లీ తెర్లే నీళ్లు 120 మిల్లీలీటర్లు పోసి, పదిహేను సెకన్లు ఆగి, వడకట్టండి. పైనుంచి చూస్తే కాఫీ డికాక్షనంత నల్లగా కనిపిస్తుంది, గాజు గ్లాసును కిటికీ వైపు ఎత్తితే దానిమ్మ రంగు బయటపడుతుంది. మసకగా, బురదగా ఉంటే సరుకు బాగోలేదని అర్థం. అదే ఆకుకు మళ్లీ మళ్లీ నీళ్లు పోస్తూ, ప్రతిసారీ కొన్ని సెకన్లు పెంచుతూ ఆరేడు సార్లు తాగొచ్చు.

ఆఫీసుకు పోయేవాళ్లకు ఇంత తీరిక ఉండదు. వాళ్లు 3 గ్రాములు కడిగి, పావు లీటరు వేడినీళ్లలో మూడు నిమిషాలు ఉంచి వడకట్టుకుంటే చాలు.

మన ఇళ్లలో దాచడం

టీ ఆకు చుట్టుపక్కల వాసనంతా పట్టేస్తుంది. వంటింట్లో పెడితే ఇంగువ, పోపు వాసన పడుతుంది. పూజగది దగ్గర పెడితే అగరుబత్తి, కర్పూరం. బీరువాలో పెడితే నాఫ్తలీన్ ఉండలు. ఫ్రిజ్‌లో అసలు పెట్టకూడదు. ఎండ పడని గదిలో, వాసన లేని చెక్క అరలో, అట్టపెట్టెలో ఉంచండి. బిళ్ల చుట్టూ ఉన్న కాగితాన్ని తీసేయవద్దు. పచ్చి రకాన్ని, మాగిన రకాన్ని ఒకే పెట్టెలో కలపవద్దు.

తేమ 60 నుంచి 70 శాతం, వేడి 20 నుంచి 30 డిగ్రీలు ఉంటే టీ సుఖంగా ఉంటుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరప్రాంతాల్లో వానాకాలం తేమ దీన్ని మించుతుంది. ఆ నెలల్లో ఆరిన బిళ్లను మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టండి. అనంతపురం, హైదరాబాద్ వేసవిలో గాలి మరీ పొడి. అక్కడా మూత డబ్బానే మేలు, ఆకు ఎండిపోయి వాసన పోకుండా ఉంటుంది. చిన్న తేమమాపకం ఒకటి పెట్టెలో పడేస్తే ఊహాగానాలు అక్కర్లేదు.

నెలకోసారి విప్పి చూడండి. తెల్లగా, పచ్చగా, నల్లగా నూగు కనిపిస్తే ఆ బిళ్ల పారేయాల్సిందే, తుడిచి వాడకూడదు. ఒక్క మినహాయింపు ఉంది. హునాన్ ప్రాంతపు ఫు ఇటుక టీలో లోపల పసుపు చుక్కలుంటాయి. వాటిని ‘బంగారు పువ్వులు’ అంటారు, అవి కావాలని పెంచిన మంచి బూజు. పు-ఎర్ మీద అలాంటిది కనిపిస్తే మాత్రం మినహాయింపు వర్తించదు.

నాలుగు వారాల ఆచరణ

మొదటి వారం: ఏమీ మార్చకండి. రోజుకు ఎన్ని టీలు, కాఫీలు, ఎన్ని చెంచాల పంచదార, ఏ వేళల్లో తాగుతున్నారో ఒక కాగితం మీద రాయండి.

రెండో వారం: ఆ పట్టికలో మీకు అంత ఇష్టం లేని టీ ఒకటి ఉంటుంది. ఎవరో ఇచ్చారని తాగేది, తోచక తాగేది. దాన్ని తీసేసి ఆ వేళకు మాగిన పు-ఎర్ పెట్టండి. భోజనానికి గంట ఎడం చూసుకోండి.

మూడో వారం: రెండో టీ కూడా మార్చండి. ఉదయం ఇష్టంగా తాగే మొదటి టీ జోలికి పోవద్దు. అది కూడా లాగేసుకుంటే మనసు ఎదురు తిరుగుతుంది, మొత్తం వ్యవహారం బెడిసికొడుతుంది.

నాలుగో వారం: మొదటి వారం కాగితాన్ని పక్కన పెట్టుకుని లెక్క చూడండి. పంచదార ఎంత తగ్గింది, నిద్ర ఎలా ఉంది, కడుపు ఏమంటోంది? బాగుంటే కొనసాగించండి. కొలెస్టరాల్, షుగరు ఉన్నవాళ్లు మామూలుగా చేయించుకునే రక్తపరీక్షలు వాటి సమయానికి చేయించుకోండి, మందులు మాత్రం డాక్టరు చెప్పకుండా మార్చకండి.

రుచి నచ్చకపోతే ఈ టీ మానేయండి, నష్టమేమీ లేదు. పంచదార లేని నిమ్మ టీ అయినా, జీలకర్ర నీళ్లయినా ఈ లెక్కలో అదే పని చేస్తాయి. పు-ఎర్‌ను మందు అనుకుని కొంటే నిరాశపడతారు, పంచదార టీకి బదులుగా కొంటే లాభపడతారు. ఈ వారమే కాగితం తీసి, మొదటి గీత గీయండి.